8.7 అంగుళాల ట్యాబా, 11 అంగుళాలదా? తేల్చేది పేజీ వెడల్పు

శ్రీకాకుళం జీటీ రోడ్డులోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో మొబైల్ షాపుకి వెళ్లి ట్యాబ్ కావాలంటే కౌంటర్ మీదకు ఎక్కువగా రెండు డబ్బాలు వస్తాయి. ఒకటి ఎనిమిది చిల్లర అంగుళాలది, ఇంకోటి పదకొండుది. "ఏటి బాబూ, సిన్నదా, పెద్దదా?" అని అడిగితే చాలామంది ధర చూసే జవాబిస్తారు. లోపలి సరుకు ఒకటేననీ, తేడా సైజులోనేననీ అనుకుంటారు. ఆ అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

ఈ అయోమయానికి మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తన బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలకు బైజూస్ పాఠాలు వేసి ట్యాబ్‌లు పంచింది. అవి శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్, 8.7 అంగుళాలవి. పల్లెల్లో చాలా ఇళ్లకు అదే మొదటి ట్యాబ్ కావడంతో, ట్యాబ్ అంటే ఆ మాత్రమే ఉంటుందని కంటికి అలవాటైపోయింది. ఆ బ్యాచ్ పిల్లలు 2025లో ఇంటర్‌లో చేరారు. వీడియో పాఠాలు వెనక్కి పోయి పీడీఎఫ్ నోట్సులు ముందుకొచ్చాయి. 8వ తరగతిలో చక్కగా పనికొచ్చిన తెర ఇప్పుడు ఎందుకు చిరాకు పెడుతోందో చూస్తే, చిన్నదా పెద్దదా అన్న తగువు సగం తేలుతుంది.

అంగుళాలు చెప్పేవి, చెప్పనివి

తెర సైజును కింద ఒక మూల నుంచి పైన ఎదురు మూలకు, ఐమూలగా కొలుస్తారు. వెడల్పు ఎంతో, ఎత్తు ఎంతో ఆ అంకె చెప్పదు. విస్తీర్ణం అసలే చెప్పదు.

శామ్‌సంగ్ ట్యాబ్ ఏ9, ఏ9 ప్లస్ అనే జంటనే తీసుకుందాం. 2023లో మన దేశంలో ఒకేసారి వచ్చిన ఈ రెండింటిలో ఒకటి 8.7 అంగుళాలు, మరొకటి 11. అంగుళాల్లో తేడా 26 శాతం. లెక్క కడితే చిన్నదాని తెర సుమారు 19 సెంటీమీటర్ల పొడవు, 11.3 వెడల్పు. పెద్దది 23.7 పొడవు, 14.8 వెడల్పు. విస్తీర్ణం 215 చదరపు సెంటీమీటర్ల నుంచి 351కి పోతుంది, అంటే 63 శాతం ఎక్కువ. డబ్బా మీది అంకెలో పావు వంతుగా కనిపించే తేడా కంటికి సగానికి పైగా తేడాగా తెలిసేది ఇందుకే.

ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. ఐప్యాడ్ మినీ తెర 8.3 అంగుళాలు. అంకె ప్రకారం ట్యాబ్ ఏ9 కంటే చిన్నది. కానీ దాని ఆకారం కాస్త చదరానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నిలువుగా పట్టుకున్నప్పుడు వెడల్పు 11.6 సెంటీమీటర్లు వస్తుంది, ఏ9 కంటే కొంచెం ఎక్కువే. పుస్తకం చదివేవాళ్లకు కావలసింది ఆ వెడల్పు. సినిమా చూసేవాళ్లకు మాత్రం పొడవాటి తెరే మేలు. చదరపు తెరలో సినిమా వేస్తే పైనా కిందా నల్లపట్టీలు పెద్దవవుతాయి.

కంపెనీలు అంకెల్ని కాస్త సాగదీస్తాయి కూడా. 2022లో ఆపిల్ 10.9 అంగుళాలని చెప్పి అమ్మిన ఐప్యాడ్ తెర సైజు మారకుండానే 2025 మోడల్‌లో 11 అయింది. రెండిటి అసలు కొలతా 10.86. మోసమని అనను గానీ, దశాంశాల దగ్గర బేరాలు పోల్చి లాభం లేదు.

ఏ4 కాగితం చిన్న తెరలోకి దిగితే

అసలు చిక్కు ఇక్కడుంది. తెర మీద చదివేవి రెండు రకాలు. వెబ్‌పేజీ, వాట్సాప్ మెసేజ్, ఈ-బుక్ లాంటివి తెరను బట్టి సర్దుకుంటాయి. అక్షరం పెద్దది చేస్తే వాక్యం కింది లైనులోకి జారుతుంది. పీడీఎఫ్ అలా జారదు. అది అచ్చు వేసిన కాగితానికి ఫొటో లాంటిది. తెర చిన్నదైతే పేజీ మొత్తం చిన్నదవుతుంది, దాంతోపాటు అక్షరమూ కుంచించుకుపోతుంది.

డీఎస్సీకి, గ్రూప్-2కి, రైల్వే పరీక్షలకు చదివేవాళ్ల ట్యాబ్ తెరిచి చూస్తే కనబడేవి ఎక్కువగా పీడీఎఫ్‌లే. అకాడమీ పుస్తకాల స్కాన్‌లు, కోచింగ్ సెంటర్ మెటీరియల్, టెలిగ్రామ్‌లో తిరిగే చేతిరాత నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు. వీటిలో చాలావరకు ఏ4 సైజువే.

ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. ఏ9 ప్లస్‌ను నిలువుగా పడితే వచ్చే 14.8 సెంటీమీటర్లు ఏ4ను మధ్యకు మడిస్తే వచ్చే వెడల్పే. అందులో ఏ4 పేజీ 70 శాతానికి తగ్గుతుంది. కాగితం మీద 12 పాయింట్లలో (పాయింటు అంటే అచ్చు అక్షరం సైజుకు కొలత) ఉన్న అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లవుతుంది. పేపర్లో చిన్న ప్రకటన చదివినట్టు ఉంటుంది, చదవొచ్చు. 8.7 అంగుళాలదానిలో పేజీ 54 శాతానికి దిగుతుంది, అక్షరం ఆరున్నర పాయింట్లకు. అది మందు సీసా మీది అక్షరం. పది నిమిషాలైతే ఎవరైనా చదువుతారు, రెండు గంటలు చదవాలంటేనే కష్టం.

దీనికి తోడు పిక్సెళ్ల సంగతి ఒకటి ఉంది. పిక్సెల్ అంటే తెర మీద వెలిగే చుక్క. అక్షరాలన్నీ ఆ చుక్కలతోనే తయారవుతాయి. ఏ9 తెరకు 1340 × 800 చుక్కలు, ఏ9 ప్లస్‌కు 1920 × 1200. ఇందులో చిన్న అంకెను 50తో భాగిస్తే, ఏ4 పేజీ నిండుగా తెరిచినప్పుడు 12 పాయింట్ల అక్షరానికి నిలువున సుమారు ఎన్ని చుక్కలు దక్కుతాయో వచ్చేస్తుంది. 800ని 50తో భాగిస్తే 16. 1200ని భాగిస్తే 24. ఐప్యాడ్ మినీ తెర 2266 × 1488, అంటే దాదాపు 30.

ఇంగ్లీషు అక్షరానికి 16 చుక్కలు ఎలాగో సరిపోతాయి. తెలుగు అక్షరానికి చాలవు. 'రాష్ట్రం'లో ష కింద టవత్తు, దానికి క్రావడి. 'స్త్రీ'లో పైన గుడిదీర్ఘం, కింద వత్తులు. తలకట్టు నుంచి కింది వత్తు దాకా అంతా ఆ 16 చుక్కల్లో ఇమడాలి. అప్పుడు వత్తు నల్లని మచ్చ అవుతుంది. అందుకే ఇంగ్లీషు మీడియం పిల్లాడు "బానే కనిపిస్తోంది కదా" అన్న ట్యాబ్ మీదే తెలుగు మీడియం పిల్లాడు కళ్లు చికిలిస్తాడు. ట్యాబ్‌లు పోల్చి చూపే ఇంగ్లీషు రివ్యూల్లో ఈ మాట దొరకదు. వాళ్లకు ఆ అవసరం లేదు.

ఇక్కడే ఒక వింత బయటపడుతుంది. తక్కువ ధర జంటలో పెద్దది చిన్నదాని కంటే స్పష్టంగా ఉంటుంది. అంగుళానికి ఏ9లో 179 చుక్కలు, ఏ9 ప్లస్‌లో 206. ఆపిల్ జంటలో ఇది తిరగబడుతుంది. చిన్న మినీలో 326, మామూలు ఐప్యాడ్‌లో 264. కాబట్టి 'చిన్న తెర మసక' అన్నది సూత్రం కాదు. తక్కువ ధరలో కంపెనీలు చిన్న ట్యాబ్‌ను చౌక సరుకుగా చేస్తాయి, ఎక్కువ ధరలో అదే సైజును ముద్దు చేస్తాయి. 8వ తరగతి పిల్లలకిచ్చిన ఏ7 లైట్ తెర కూడా 1340 × 800 దే. వీడియోలో మాట్లాడే మాస్టారికి ఆ చుక్కలు చాలు. ఇంటర్ కెమిస్ట్రీ పీడీఎఫ్‌లోని సమీకరణానికి చాలవు.

అడ్డంగా తిప్పితే, మార్జిన్లు కత్తిరిస్తే

చిన్న ట్యాబ్ వైపు వాదించేవాళ్ల దగ్గరా గట్టి జవాబులే ఉన్నాయి.

మొదటిది, ట్యాబ్‌ను అడ్డంగా తిప్పడం. 8.7 అంగుళాలది అడ్డంగా పెడితే వెడల్పు 19 సెంటీమీటర్లు. పేజీ 90 శాతం సైజులో వస్తుంది, అక్షరం దాదాపు 11 పాయింట్లు. అంటే నిలువుగా పట్టిన పెద్ద ట్యాబ్ కంటే పెద్దగా కనిపిస్తుంది. కాకపోతే ఒకసారికి పేజీలో 42 శాతమే కనబడుతుంది. కథో వ్యాసమో అయితే వేలితో జరుపుకుంటూ పోవచ్చు. పేజీ పైన పటం, కింద దాని వివరణ ఉంటే పైకీ కిందకీ తిరగడమే పని అవుతుంది. రెండు కాలమ్‌ల మెటీరియల్‌లో ఇంకా విసుగు.

రెండోది, మార్జిన్లు కత్తిరించడం. ఏ4 పేజీలో రెండు పక్కలా రెండున్నర సెంటీమీటర్లు ఖాళీ ఉంటే, ఆ సౌకర్యమున్న పీడీఎఫ్ యాప్‌లో దాన్ని తీసేస్తే మిగిలేది 16 సెంటీమీటర్లు. అప్పుడు చిన్న ట్యాబ్‌లో కూడా అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లు అవుతుంది, చుక్కలు 16 నుంచి 21కి పెరుగుతాయి. పెద్ద ట్యాబ్ మామూలుగా ఇచ్చేదానికి చాలా దగ్గరకు వచ్చినట్టే. అయితే మన జిరాక్సు షాపుల్లో పుట్టిన స్కాన్‌లు అంత పద్ధతిగా ఉండవు. ఒక పేజీ కుడికి వంగి, ఇంకోటి ఎడమకు జరిగి, మూడో పేజీ పక్కన బొటనవేలి నీడతో ఉంటాయి. యాప్ వాటిని ఒకే కొలతకు కత్తిరిస్తే లైను చివరి అక్షరాలు ఎగిరిపోతాయి.

బరువు గ్రాముల్లో కొంత, మణికట్టు మీద మరింత

పుస్తకం పక్కన పెడితే చిన్న ట్యాబ్‌కు ఎదురులేదు. ఏ9 బరువు 332 గ్రాములు, ఏ9 ప్లస్ 480. తేడా 148 గ్రాములే. దానికేముంది అనిపిస్తుంది.

ట్యాబ్‌ను ఒక అంచు దగ్గర ఒంటిచేత్తో పట్టుకుంటే బరువంతా దాని మధ్యలో ఉన్నట్టు లెక్క. మధ్య భాగం చేతికి ఎంత దూరమైతే మణికట్టు అంత మెలితిరుగుతుంది. ఏ9 మొత్తం వెడల్పు 12.5 సెంటీమీటర్లు, కాబట్టి అంచు నుంచి మధ్యకు 6.2. ఏ9 ప్లస్‌లో ఆ దూరం 8.4. బరువును దూరంతో గుణిస్తే ఒకటి సుమారు 2,060, రెండోది 4,030. గ్రాముల్లో 45 శాతమున్న తేడా చేతికి దాదాపు రెండింతలు. కవరు బరువు దీనికి అదనం.

పలాస నుంచి విశాఖ వైపు పోయే ప్యాసింజర్‌లో ఒక చెయ్యి పై కమ్మీకి, ఇంకో చెయ్యి ట్యాబ్‌కు ఇచ్చి నిలబడేవాళ్లకు ఈ రెండింతలు బాగా తెలుస్తుంది. రాజాం బస్సులో కూర్చున్నా సరే, పక్కవాళ్ల మోచేతుల మధ్య 11 అంగుళాలది అడ్డంగా తెరవడం కష్టమే. చిన్నది చేతిసంచిలో పడిపోతుంది, పెద్దదానికి కాలేజీ బ్యాగు కావాలి. మంచం మీద వెల్లకిలా పడుకుని చదివేవాళ్లకూ చిన్నదే క్షేమం. నిద్రపట్టి చెయ్యి జారితే ముక్కు మీద పడే బరువులోనూ తేడా ఉంటుంది మరి.

చేతికి దూరంగా పెట్టి చూసేవాళ్లు

చేతిలో పట్టుకునేవాళ్ల సంగతి అది. ట్యాబ్‌ను ఎక్కడో ఆనించి దూరం నుంచి చూసేవాళ్ల అవసరం వేరు.

1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో వయొలిన్, వీణ నేర్చుకునేవాళ్లకు కొదవ లేదు. నొటేషన్ (స్వరాలు రాసిన పేజీ) ట్యాబ్‌లో పెట్టుకున్నా రెండు చేతులూ వాయిద్యం మీదే ఉంటాయి, కాబట్టి ట్యాబ్ ఎదురుగా స్టాండు మీద, కంటికి 90 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకోండి. చేతిలో పట్టుకున్న పుస్తకానికి, కంటికి మధ్య దూరం 35 సెంటీమీటర్లు. రెండు చోట్లా అక్షరం కంటికి ఒకే సైజులో కనబడాలంటే స్టాండు మీది అక్షరం రెండున్నర రెట్లు పెద్దదై ఉండాలి. ఆదితాళంలో మూడో కాలం (దెబ్బకు నాలుగు స్వరాల వేగం) సరళీ వరసను ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు, ఎనిమిది దెబ్బలు) ఒకే లైనులో రాస్తే 32 స్వరాలు. 11 అంగుళాల తెరను అడ్డంగా పెడితే స్వరానికి 7.4 మిల్లీమీటర్ల చోటు వస్తుంది, 8.7లో 5.9. చేతిలోని పుస్తకంతో పోలిస్తే మొదటిది దాదాపు 2.9 మిల్లీమీటర్లుగా, రెండోది 2.3గా కనిపిస్తాయి. ఇక్కడ పెద్దదానికి పోటీ లేదు, నా లెక్కన అది కూడా కొంచెం చిన్నదే.

హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేసే కొడుకుతో రోజూ వీడియో కాల్ మాట్లాడే ముసలివాళ్లదీ ఇదే లెక్క. ట్యాబ్ టేబుల్ మీదో గూట్లోనో ఆనించి ఉంటుంది, బరువుతో పని లేదు. ముఖం పెద్దగా కనబడాలి, మాట గట్టిగా వినబడాలి. ఏ9 ప్లస్‌లో నాలుగు స్పీకర్లు, ఏ9లో రెండు. వాళ్లు పేపర్‌ను ఈ-పేపర్‌లో చదివేటట్టయితే సైజుకు అంత పట్టింపు లేదు. పూర్తి పేజీ ఏ ట్యాబ్‌లోనూ చదవగలిగేటట్టు ఉండదు. వార్త మీద నొక్కితే అది విడిగా తెరుచుకుంటుంది, అప్పుడు రెండూ ఒకటే.

తెరను రెండుగా చీల్చి వాడితే

ఒక పక్క క్లాసు వీడియో, ఇంకో పక్క నోట్స్ తెరవడం ఇప్పుడు మామూలైంది. 11 అంగుళాలది అడ్డంగా పెట్టి సగానికి చీలిస్తే ఒక్కో సగం వెడల్పు 11.8 సెంటీమీటర్లు. చిన్న ట్యాబ్ నిలువు వెడల్పు కంటే అది ఎక్కువే. చిన్నదాన్ని చీలిస్తే ఒక్కో పక్కకు తొమ్మిదిన్నర దక్కుతుంది, ఫోన్ కంటే కాస్త నయం. పెన్నుతో రాసేవాళ్లు సైజు కంటే ముందు పెన్ను సంగతి కనుక్కోవడం మేలు. పైన చెప్పిన ఏ9 జంటలో దేనికీ శామ్‌సంగ్ సొంత పెన్ను ఎస్ పెన్ పనిచేయదు, మామూలు రబ్బరు మొన స్టైలస్‌తో గణితం రాయడం ఏ సైజులోనైనా తలనొప్పే.

కళ్ల గురించి రెండు వాదాలు

పెద్ద తెర కంటికి చెడ్డదని కొందరు, చిన్నదే చెడ్డదని కొందరు తల్లిదండ్రులు నమ్ముతారు. రెండు నమ్మకాల్లోనూ కొంత నిజం ఉంది. అక్షరం చిన్నదైతే మనిషి తెలియకుండానే తెరను దగ్గరకు లాక్కుంటాడు. దగ్గరి వస్తువును చూడ్డానికి కంటి కండరం బిగుసుకోవాలి, అలా గంటలు గడిస్తే అలసట వస్తుంది. ఆ లెక్కన, కాస్త దూరంగా పెట్టిన పెద్ద తెర కంటికి తేలిక. అవతలి వాదం ఏమిటంటే పెద్ద తెర మీద సినిమాలు, ఆటలు ఇంకా బాగుంటాయి, పిల్లాడు దాన్ని వదలడు. ఇది కంటి కంటే అలవాటుకు సంబంధించిన భయం. దీనికి ఎదురుగా ఇంకో మాట చెబుతారు: హాల్లో పెట్టిన పెద్ద ట్యాబ్‌లో పిల్లలు ఏం చూస్తున్నారో ఇంట్లో అందరికీ కనబడుతుంది, చిన్నది దుప్పట్లోకి పోతుంది. కంటి డాక్టర్లు ఎప్పుడూ చెప్పేది మాత్రం సైజుతో సంబంధం లేనిది. 20 నిమిషాలకోసారి తల ఎత్తి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు.

కరెంటు లేని రోజున

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి ప్రాంతంలో బ్యాటరీ గురించి అడగడం తప్పేమీ కాదు. ఏ9లో 5,100 ఎంఏహెచ్, ఏ9 ప్లస్‌లో 7,040. పెద్ద అంకె చూసి పెద్దదే ఎక్కువసేపు వస్తుందనుకుంటాం. కానీ పెద్ద తెరను వెలిగించడానికే కరెంటు ఎక్కువ పోతుంది. ఆపిల్ తన మినీకీ, మామూలు ఐప్యాడ్‌కీ, వైఫైలో ఇంటర్నెట్ చూస్తే ఒకే 10 గంటలని చెబుతుంది, లోపలి బ్యాటరీ 19 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) నుంచి 29కి పెరిగినా సరే.

తేడా తెలిసేది పవర్‌బ్యాంకు దగ్గర. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో 37 వాట్ అవర్లుంటాయి. వేడి రూపంలో పోయేది పోగా ట్యాబ్‌కు చేరేది 22 నుంచి 26. ఏ9 బ్యాటరీ దాదాపు 19.5 వాట్ అవర్లు, కాబట్టి ఒకసారి నిండి ఇంకా కొంత మిగులుతుంది. ఏ9 ప్లస్‌ది 27. నిండకముందే పవర్‌బ్యాంకు ఖాళీ.

ఫోన్ పక్కన, ఏ4 పక్కన

చాలామంది చేతుల్లో ఇప్పుడు 6.7 అంగుళాల ఫోన్లున్నాయి. ఆ తెర విస్తీర్ణం సుమారు 108 చదరపు సెంటీమీటర్లు. 8.7 ట్యాబ్ దానికి రెండింతలు, 11 ట్యాబ్ మూడింతలకు పైన. ఫోన్‌లో చేసే పనులనే కాస్త హాయిగా చేసుకోవాలంటే రెండింతలు చాలు. ఫోన్‌లో కుదరని పని చేయాలంటే మూడింతలు కావాలని నా అభిప్రాయం. ఇంకా పైకి పోతే 13 అంగుళాల ఐప్యాడ్ ఎయిర్‌లో ఏ4 పేజీ మొత్తం 88 శాతం సైజులో, అంటే కాగితానికి బాగా దగ్గరగా వస్తుంది. బరువు సుమారు 617 గ్రాములు, ధర మంచి ల్యాప్‌టాప్‌తో సమానం.

ఈ లెక్కలేవీ తేలిగ్గా తేల్చలేని మనిషి ఒకరున్నారు. ఆమదాలవలస నుంచి రోజూ రైల్లో విజయనగరం వెళ్లి ప్రైవేటు బడిలో పాఠం చెప్పి, దారిలో డీఎస్సీకి చదివేవాళ్లు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డప్పుడు ఇలా చదివినవాళ్లు తక్కువేం కాదు. చెయ్యి చిన్నది కావాలంటుంది, తెలుగు స్కాన్ పెద్దది కావాలంటుంది. చుక్కలు దట్టంగా ఉన్న చిన్న తెర ఇద్దరినీ ఒప్పిస్తుంది. ఐప్యాడ్ మినీలో మార్జిన్లు కత్తిరిస్తే అక్షరానికి 39 చుక్కలు వస్తాయి, వత్తులన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కానీ ఆ డబ్బుతో ఏ9 ప్లస్ లాంటివి రెండు వస్తాయి. రైల్లో గడిచేది రోజుకు గంటా గంటన్నర, ఇంట్లో టేబుల్ ముందు మూడు గంటలు అయితే నేను 11 అంగుళాలదే తీసుకుని, రైల్లో ఫోన్‌లో బిట్లు చూసుకుంటాను. ఇంటికొచ్చాక పిల్లలు, వంట, బడి నోట్‌బుక్కులు పోను పుస్తకం తెరిచే వీలు రైల్లోనే ఉన్నవాళ్లకు మాత్రం ఆ సలహా పనికిరాదు.